మోకాలు ఫొటో దిగిన ముచ్చట

నల్గొండ,
జూన్ 12, 2022

తమ్ముడు దయాకర్‌కు అన్న నరహరి దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ వదిన సుభద్ర, తనకు అన్నం పెట్టే భాగ్యం మాకిచ్చిన పిల్లి అందరం సల్లగున్నం. మేళ్లచెరువు సిమెంటు దుమ్ముల నువ్వు, మరదలు ఉష బాగున్నరని తలుస్త.

నా కుడి మోకాలు బిర్రుగ పట్టేసింది. వంగదు. శుక్రవారం ఆపరేషన్. ఎక్స్‌రేల బొక్కలే కనవడ్తయట, నరం, కండ కనవడయట. లోపల ఏది, ఎంత గట్టివడ్డదో కోసే ముందుగాల చూడాలని డాక్టరు ఎమ్మారై ఫొటో రాసిండు. మోకాలు వంగితే ఏం చేస్తవని అడిగిండు. మగ్గం నేస్త అని చెప్పిన.

ఫొటో అంటే యాదికొచ్చింది. హాలియా సంతల బాపు మనకు ఫొటో దింపిస్తే నువ్వు కండ్లు మూసినవ్. పండుకున్నోనికి ఫొటో ఎందుకని బాపు సచ్చేదాంక నవ్విండు. సరే, ముచ్చట దారి తప్పింది.

నన్ను మిషన్ గొట్టంల పండవెట్టిన పిల్ల సుస్మిత. కదలొద్దన్నది. మిషన్ టకటక మొదలువెట్టింది. బాపు మగ్గం, నా మగ్గం కలిసి ఆడినట్టే ఉన్నది. కండ్లు మూసిన. గంజి వాసనొచ్చింది. అవ్వ నూలు కండెలు చుడ్తాంది.

ఇంతల సుస్మిత వచ్చి ఫొటో అలికినట్టయిందన్నది.

“తాతా, కాలెందుకు ఆడిస్తున్నవ్?”

నాకే తెల్వదు. మోకాలు వంగకున్నా పాదం మగ్గం తొక్కుతాంది. మళ్ల పెట్టింది, మళ్ల తొక్కిన. పట్టీ కడితే పట్టీతోనే తొక్కిన. ఆఖరికి ఒక ఉపాయం తట్టింది. పోగు తెగిందనుకున్న. తెగితే కాలు ఆగుతది గద, అతికేదాంక కదలదు. ఫొటో సాఫ్‌గ వచ్చింది.

కీలు లోపల పాత దెబ్బ మానిన కాడ కండ తాడు లెక్క గట్టివడ్డదట. దాన్ని తెంపుతరట. ఎంత వంగుతదో మాటియ్యనన్నడు డాక్టరు.

నువ్వు డ్యూటీ ఇడిసి రావద్దు. కాళ్లు పెట్టే మగ్గం గుంట పూడ్సుమని నువ్వు, పూడ్సనని నేను, ఇద్దరం మాటలు బంద్ చేసుకొని ఇన్నేండ్లాయె. అట్లనే రోజులు నడుస్తనే ఉన్నయి.

ఉషకు దీవెనలు.

నీ అన్న,
నరహరి

తా.క.: గుంట నిరుడే పూడిపించిన. డాక్టరుకు చెప్పింది అబద్ధం. మోకాలు వంగితే నీ పక్కన కింద కూసొని బువ్వ తినాలని ఉన్నది. రావద్దని రాసింది గూడ అబద్ధమే. చిన్నప్పుడు మనింట్ల తెగిన పోగు అతికేది నీ చిన్న వేళ్లే గద. ఫొటో అయిపోయింది లేవుమని సుస్మిత అన్నా, నువ్వు పోగు అతికి “ఆఁ, తొక్కన్నా” అనేదాంక కాలు కదపబుద్ధి కాలే.