బురద చార తుడవకు

అమ్మమ్మా,

చర్చిలో శాండ్‌విచ్‌లు పంచి రాగానే నువ్వు మొదట పట్టుకునేది మాప్ కర్రే కాబట్టి చీటీ దానికే కట్టాను. దయచేసి గోడలు తుడవకు. రెండింటికి రాష్ట్ర ప్రభుత్వ వరద సహాయం వాళ్లు ఇల్లు చూడడానికి వస్తారు. అప్పటిదాకా బురద చార అలాగే ఉండాలి. తడిసిన పరుపులు, పాడైన పొయ్యి వరండాలోనే ఉండనివ్వు. చెత్త లారీకి ఇచ్చేయకు.

పక్కింటి డల్సీ ఆంటీ ఇల్లు అద్దంలా కడుక్కుంది. నిన్న సహాయం వాళ్ల తరఫున వచ్చినాయన చుట్టూ చూసి, "మీ ఇంట్లోకి నీళ్లు రాలేదేమోనమ్మా" అన్నాడట. ఆవిడ పేరు ఇంకా సహాయం జాబితాకెక్కలేదు.

నేను కరెంటు బిల్లు, నీ పింఛను కార్డు తీసుకుని దరఖాస్తు ఇవ్వడానికి వారిన్‌డా బడి హాలుకి వెళ్తున్నాను. పన్నెండు దాటితే తీసుకోరు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు భయమని నీకు తెలుసు. అయినా వెళ్తున్నాను.

పొద్దున "మురికి కొంప చూపించి అడుక్కోమంటావా?" అని అరిచావు. జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇది అడుక్కోవడం కాదు అమ్మమ్మా. జూన్ వస్తోంది, మన దగ్గర చలికాలం మొదలయ్యేది అప్పుడే కదా. నువ్వింకా నేలమీదే పడుకుంటున్నావు.

నెరిస్

అన్నట్టు, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని వాళ్లు అడిగితే వంటింటి తలుపు చూపించు. తాతయ్య గీసిన నా ఎత్తు గీతల్లో ఏడేళ్లప్పటిది మునిగింది, ఎనిమిదేళ్లప్పటిది నీళ్లకు పైనే ఉంది. ఆ తలుపు మాత్రం నేనొచ్చాక ఇద్దరం కలిసి మెల్లిగా తుడుద్దాం.