రెండు మైళ్ళ పరుగులో ఒక్క చోటు

1983 ఏప్రిల్, గురువారం రాత్రి. జెర్సీ సిటీ.

నిద్ర పట్టడం లేదు. సాయంత్రం మా అమ్మాయి రూతునీ, దాని స్నేహితురాలు డెనీస్‌నీ స్కూల్ నుంచి కార్‌లో తీసుకొస్తున్నాను. రెండు మైళ్ళ పరుగులో డెనీస్ ఎప్పుడూ రూతుకంటే ముందే ఉంటుంది. ఇవాళ వెనక సీట్లో ఏడుస్తోంది.

“నల్లవాళ్ళు చిన్న పరుగులకే పనికొస్తారట అంకుల్. దూరం మావల్ల కాదని కోచ్ నన్ను టీమ్‌లోంచి తీసేశాడు.”

ఒళ్ళు మండిపోయింది. బైబిల్లో సమూయేలంతటి ప్రవక్తే యెష్షయి ఇంట్లో కాబోయే రాజుని వెతుకుతూ పైరూపం చూసి పొరబడ్డాడు, ఈ కోచ్ ఎంత! పొద్దున్నే స్కూల్‌కి వచ్చి అతన్ని కడిగేస్తానని మాటిచ్చాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

తనని ఇంటి దగ్గర దింపాక రూతు మెల్లగా అంది, “డాడీ, ఆ ప్లేస్ నాకిచ్చారు. శనివారమే రేస్.”

“దేవునికి స్తోత్రం!” అనేశాను. అలవాటైన నోరు, ఆగలేదు.

“కోచ్‌తో మాట్లాడు డాడీ. కానీ రేస్ అయ్యాక మాట్లాడు.”

ప్రతి ఆదివారం మందిరంలో ప్రసంగిస్తూ ఎంతమందిని గద్దిస్తాను! కన్నకూతుర్ని గద్దించలేకపోయాను. “అలాగేనమ్మా” అన్నాను.

తెల్లారితే డెనీస్ నా కోసం స్కూల్ గేటు దగ్గర నిలబడి ఉంటుంది.