తొమ్మిది భుజాల దారి

పాడేరు,
బుధవారం.

అమ్మకు హేమలత నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వు, అన్న, వదిన, కొత్తగా ఈనిన మేకతో సహా అందరూ బాగున్నారని తలుస్తాను. మన ఊళ్ళో ఫోను పలకదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. ఫల్గుణ బాబాయి చదివి వినిపిస్తాడు.

అన్నం తింటున్నావా అని రాయించావు. తింటున్నాను. హాస్టలు సాంబారులో ముక్క దొరికితే ఆ రోజు పండగే. వదినకు ఏడో నెలన్నావు, బరువులు మొయ్యనివ్వకు.

ఇక నేను కాలేజీలో చేసిన కొలత చక్రం సంగతి. నిరుడు మాఘంలో మన ఊరి నుంచి తారు రోడ్డు దాకా దొర్లించి కొలిచాను కదా. దాని మీద నలుపు, తెలుపు చారలుంటాయి. పక్కనున్న సెన్సరు కంటికి కనిపించని వెలుగు వేస్తుంది. తెలుపు దాన్ని తిప్పికొడుతుంది, నలుపు మింగేస్తుంది. అలా మారినప్పుడల్లా మైక్రోకంట్రోలరనే చిన్న చిప్పు ఒకటి లెక్కేసుకుంటుంది. మూడు కిలోమీటర్లని చూపింది. దూరం ఎక్కువున్న ఊళ్ళకే ముందు రోడ్డన్నారు ఆఫీసు వాళ్ళు. మనకు రావాల్సిన రోడ్డు పక్క కొండకి పోయింది.

నువ్వొక్కదానివే ఒప్పుకోలేదు. "సక్రం ఏటి సెప్పినా, మీ అయ్యని డోలీలో మోసినప్పుడు తొమ్మిదిసార్లు బుజాలు మార్సినారు గుంటా. మూడు కిలోమీటర్లకి ఆరు సాలు" అన్నావు. నేను నవ్వాను. ఊరంతా నవ్వింది. నాన్న వెనక్కి రాని దారి గురించి నువ్వు చెబుతుంటే నవ్వాను.

గత వారం చక్రాన్ని కాలేజీ మైదానంలో పెట్టి చూశాను. ఎండలోనూ ఆ కనిపించని వెలుగుంటుంది. అది నేరుగా పడితే సెన్సరుకు నలుపూ తెలుపే, లెక్క ఆగిపోతుంది. నల్లగుడ్డ కప్పితే సరిగ్గా లెక్కపెట్టింది.

ఒక మాట దాచానమ్మా. గెడ్డ నీళ్ళు దాటాక చెట్లు లేని చోట అంకె కదలకపోవడం నేను ఆ రోజే చూశాను. కొలత చూడ్డానికొచ్చిన రోడ్డు ఇంజినీరు పక్కనే ఉన్నాడు. సిగ్గేసి నోరు మూసుకున్నాను. ఇప్పుడు రోడ్ల జాబితాలో మన ఊరి పేరు పైకొచ్చినా వదిన కాన్పుకు రోడ్డు అందదు. ఆమెను డోలీలోనే దించాలి. అది నా వల్లే.

తప్పు నాదని ఆఫీసులో రాసిచ్చాను. ఆదివారం ఇంజినీరుతో వచ్చి మళ్ళీ కొలుస్తాను. ఈలోగా అన్నను తోడు తీసుకెళ్ళి, భుజం మార్చిన ప్రతిచోటా ఒక రాయి పెట్టించు. చక్రానికీ రాళ్ళకీ తేడా వస్తే చక్రాన్నే మళ్ళీ విప్పి చూస్తాను.

బాబాయీ, ఆ రోజు నవ్విన వాళ్ళందరినీ పిలిచి, ఈ ఉత్తరం మొదటి నుంచి మళ్ళీ చదువు.

ఇట్లు,
నీ గుంట
హేమలత