ఫోన్లకి వంతులు పెట్టిన ఊరు

ఆదిలాబాద్,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకి పార్వతి నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరంతా క్షేమమని తలుస్తానని రాయాల్సిన చోట ఈసారి అలా రాయలేకపోతున్నాను. అమ్మ క్షేమంగా లేదని నాకు తెలుసు. నువ్వు చెబితే తెలియలేదు, అక్క రాసిన ఉత్తరం వల్ల తెలిసింది. పోయిన వారం నువ్వు మా ఆఫీసుకి ఫోన్ చేసి, అమ్మకి కాస్త నలతగా ఉంటే బందరు తీసుకెళ్ళి చూపించామని, తగ్గిపోయిందని, నన్ను బెంగపడొద్దని అన్నావు. నలత కాదు అన్నయ్యా. గుండెనొప్పి. ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉంది.

వదినని, పిల్లల్ని అడిగానని చెప్పు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. నీ మీద ఉంది. దాన్ని లోపల పెట్టుకుని కబుర్లు రాయడం నాకు చేతకాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నా సంగతులు రెండు ముక్కల్లో. బదిలీ మీద ఇక్కడికి వచ్చి మూడు నెలలు దాటింది. చలి మనం ఎరిగిన చలి కాదు. పొద్దున ఎనిమిదింటికి కూడా బక్కెట్లో నీళ్ళు ముట్టుకోలేం. గది అద్దెకిచ్చిన ఇంటావిడ మంచిది, రాత్రిపూట రెండు జొన్నరొట్టెలు నా గుమ్మంలో పెట్టి వెళ్తుంది. చేపలు మంచుపెట్టెల్లో మన వైపు నుంచే వస్తాయి, అన్నీ చెరువు చేపలే. ఒకసారి కొని పులుసు పెట్టాను. ఒక్కదాన్నే కూర్చుని తింటే సగం కూడా సాగలేదు. పని ఎక్కువ. అడవి ఊళ్ళకి జీపులో వెళ్ళి, వార్త రాసి, పేపరుకి పంపేసరికి చీకటి పడుతుంది. ఆదివారాలే కష్టంగా ఉంటాయి. అయినా నా గురించి బెంగ వద్దు. వేళకి తింటున్నాను, స్వెట్టరు వేసుకుంటున్నాను.

ఇక అసలు విషయం. జరిగింది అక్క ఉత్తరంలో ఉన్నట్టే వరసగా రాస్తాను. తప్పుంటే నువ్వు దిద్దు.

మన పల్లెలో ఇరవై ఇళ్ళకి పైగా వైరు లేని ఫోన్లు వచ్చాయి. బల్ల మీద పెట్టుకునేవి, వెనక చిన్న ఏరియల్ ఉండేవి. టవరు కోడూరులో ఉంది. మనం దానికి బాగా దూరంగా, అంచున ఉన్నాం. మొదట్లో బాగానే పలికాయి. దీపావళి వెళ్ళాక సాయంత్రాలు తెగిపోవడం మొదలైంది. ఫోన్ ఎత్తితే బుస్సుమని శబ్దం, నంబరు తిప్పితే కలవదు. అప్పుడు ఊరి పెద్దలు నలుగురూ కూర్చున్నారు. ఆ నలుగురిలో నువ్వొకడివి. కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర వల కట్టడానికి మనకి వంతులున్నాయి, వంతు ఎవరిదో వాళ్ళ గుంజకి తాటాకు కడతాం. నువ్వు ఆ మాటే ఎత్తావట. "ఒకడి వల ఉండగా ఇంకోడు కడితే ఇద్దరికీ చేప పడదు. గాలైనా అంతే. వంతులు పెడదాం" అన్నావట.

అందరూ సరేనన్నారు. ఎందుకు అనరు? మన బోట్లలో వైర్‌లెస్ సెట్టు ఉంది. ఒకడు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి, లేకపోతే ఎవరి మాటా వినపడదు. తరతరాల నుంచి మొగ దగ్గర చూసింది, పదేళ్ళుగా సముద్రం మీద చూసింది రెండూ ఒకటే చెబుతున్నాయి. పైగా నువ్వు గోడకి అంటించిన పేపరు ముక్క చూపించావు. కోడూరు టవరు పెట్టినప్పుడు బందరు ఎడిషన్‌లో నేను రాసిన వార్త అది. "ఒక దారిలో ఒక్కరే మాట్లాడగలరు" అని అందులో ఉంది. ఆ రోజు ప్రారంభోత్సవానికి వచ్చిన అధికారి చెప్పాడు, నేను రాసుకున్నాను. ఇంకొకర్ని అడగలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ పని చేస్తూ అడగలేదు. దాని సంగతికి మళ్ళీ వస్తాను.

వంతు ఇంటి తలుపుకి తాటాకు. మిగతా ఇళ్ళు ఫోన్ ఏరియల్ పీకెయ్యాలి. వంతు తప్పితే ఫోన్ వారం రోజులు పెద్దల దగ్గర. ఇదీ కట్టుబాటు.

అక్క ఇల్లు నీకు తెలుసు. బావ గిలకలదిండి రేవు నుంచి బోటు మీద వెళ్తే వారం దాకా రాడు. ఇంట్లో అక్క, అమ్మ, అంతే. బోటు రేవుకి వచ్చిన సాయంత్రం బావ అక్కడి బడ్డీ నుంచి ఫోన్ చేస్తాడు. ఆ వేళకి అక్కకి వంతు ఉండదు. అక్క ఒక సంగతి కనిపెట్టింది. కరెంటు పోయినప్పుడు ఫోన్ చక్కగా పలుకుతోంది. ఫోన్‌లో బ్యాటరీ ఉంటుంది కాబట్టి దానికి కరెంటుతో పని లేదు. ఒక సాయంత్రం కరెంటు పోగానే ఏరియల్ పెట్టి బావతో మాట్లాడింది. పక్కింటివాళ్ళు విన్నారు. మర్నాడు పెద్దల ముందు నిలబెట్టారు. అక్క దాచలేదు.

"కరెంటు పోతే గంటలా పలుకుతోంది అన్నయ్యా. కావాలంటే ఇయ్యాళ చూడు" అంది.

దానికి నువ్వన్న మాట అక్క ఉన్నదున్నట్టు రాసింది. "చీకటి పడితే నీకు చెవులు బాగా వినపడతాయేంటే?" అన్నావు. అందరూ నవ్వారు. ఫోన్ తీసుకెళ్ళి మీ బీరువాలో పెట్టావు.

అదంతా జరిగిన నాలుగో రోజు సాయంత్రం అమ్మకి నొప్పి వచ్చింది. చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగేస్తోందని మంచం మీద కూర్చుండిపోయింది. అక్క పరిగెత్తింది. ఆ వేళకి వంతు మీది. మీ తలుపుకి ఆకు ఉంది, తాళం కూడా ఉంది. నువ్వు గిలకలదిండి వేలంపాటకి వెళ్ళావు, వదిన పామర్రులో పెళ్ళికి వెళ్ళింది. పక్కింటివాళ్ళు కట్టుబాటు పక్కన పెట్టి తమ ఫోనుకి ఏరియల్ పెట్టారు. జీపు కోసం అవనిగడ్డకి ఆరుసార్లు చేశారు. బుస్సుమనడమే. ఆఖరికి వాళ్ళబ్బాయి మోటారు సైకిలు తీస్తే, అమ్మని మధ్యలో కూర్చోబెట్టి అక్క వెనక పట్టుకుంది. కోడూరు, అవనిగడ్డ, అక్కడ జీపు దొరికి బందరు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే గుండెకి ఇంత దెబ్బ తగిలేది కాదని డాక్టరు అన్నాడట.

ఈ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. మూడోసారి పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను. ఒకటి, కరెంటు పోతే ఫోన్ పలుకుతుందన్న చోట. రెండోది చివర్లో ఉంది, అక్క ఉక్రోషంతో రాసింది. "అన్నయ్య ఫోన్ మాత్రం ఎప్పుడూ పలుకుద్ది. దీపావళికి విజయవాడ నుంచి ఏదో పెట్టె తెచ్చి బిగించాడు. డాబా మీదో కర్ర, హాల్లో ఇంకో కర్ర."

ఇక్కడి టెలిఫోన్ ఆఫీసులో ఒక ఇంజనీరు గారున్నారు. గుడివాడ ఆయన. మొదటి రోజు నేను నోరు తెరవగానే "మన వైపేనా అమ్మా?" అన్నారు. ఆ ఉత్తరం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఒకే గాలిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కలిసిపోరా అని అడిగాను.

"ఎవరు చెప్పారు?"

"నేనే పేపర్లో రాశానండీ."

ఆయన నవ్వలేదు. "బోటు సెట్టు సంగతైతే నిజం. ఈ ఫోన్లకి కాదు. వీటిలో అందరూ ఒకే దారిలో, ఒకేసారి మాట్లాడతారు. అందుకే వీటిని కనిపెట్టారు" అన్నారు.

నేను నమ్మలేదని నా ముఖం చూసి గ్రహించి కాగితం తీసుకున్నారు. అది నీకోసం ఇక్కడ రాస్తున్నాను. ఏడో తరగతి లెక్క, నువ్వే వేసి చూడు. నీ ఫోనుకి ఒక గుర్తు: 1, 1. అక్క ఫోనుకి ఒక గుర్తు: 1, −1. అవునని చెప్పాలంటే ఎవరి గుర్తు వాళ్ళు ఉన్నదున్నట్టు పంపాలి. కాదని చెప్పాలంటే తిరగేసి పంపాలి. నువ్వు అవునన్నావు: 1, 1. అదే క్షణంలో అక్క కాదంది: −1, 1. గాలిలో రెండూ కలిసి 0, 2 అయ్యాయి. పైకి చూస్తే అందులో ఎవరి మాటా లేదు. టవరుకి మీ ఇద్దరి గుర్తులూ తెలుసు. ఆ 0, 2ని నీ గుర్తుతో అంకెకి అంకె గుణించి కూడితే 2 వస్తుంది. సున్నాకి పైన ఉంది కాబట్టి నువ్వు అవునన్నావు. అక్క గుర్తుతో గుణించి కూడితే −2 వస్తుంది. కింద ఉంది కాబట్టి అక్క కాదంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఇద్దరి మాటా దక్కింది. గదికి వచ్చి అవును, కాదు మార్చి మార్చి నాలుగు రకాలుగానూ వేశాను. నాలుగుసార్లూ సరిపోయింది.

నిజం ఫోన్లలో గుర్తు రెండంకెలు కాదు, చాలా పొడుగు. ఆ పొడుగు వల్లే ఒక్కో మాట సన్నగా పరుచుకుని దారంతా నిండుతుంది, ఇంకొకరి మాటకి పెద్దగా అడ్డం రాదు. కాస్త సందడి మాత్రం మిగులుతుంది. మనుషులు పెరిగితే ఆ సందడి పెరుగుతుంది. మీరు వంతులు పెట్టాక కొంచెం నయమనిపించింది అందుకే. దాన్ని చూసి వంతులే మందని మీరు అనుకున్నారు.

ఈ ఏర్పాటు నిలబడాలంటే ఒక్క నియమం ఉందన్నారు ఆయన. ఎవరూ అవసరానికి మించి గట్టిగా మాట్లాడకూడదు. టవరు ప్రతి ఫోనుకీ సెకనుకి కొన్ని వందల సార్లు చెబుతూనే ఉంటుంది, నువ్వు తగ్గు, నువ్వు పెంచు అని. గిలకలదిండి రేవులో నాలుగు గుంపుల్లో నాలుగు వేలంపాటలు ఒకేసారి నడుస్తాయి, నీ చెవి నీ పాటగాడి గొంతునే పట్టుకుంటుంది కదా. ఒకడు లారీ హారను నొక్కి వదలకపోతే ఇంకేం పాట?

ఆ హారను, సిగ్నలు పెంచడానికి నువ్వు బిగించిన పెట్టె. పైన ఒక ఏరియల్, లోపల ఒక ఏరియల్. ఒకదానికి ఇంకొకటి వినపడేంత దగ్గరగా బిగిస్తే, పందిట్లో మైకు ముందు స్పీకరు పెట్టినట్టు కూతపెడుతుందట. ఆ కూతకి గుర్తు లేదు, లెక్కలో కొట్టుకుపోదు. దారి మొత్తం కమ్మేస్తుంది. అంచున ఉన్న ఫోన్లు ఎంత గొంతు చించుకున్నా టవరు చెవికి చేరవు. నీది మాత్రం ఆ పెట్టె బలం మీద పలుకుతుంది. కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది, ఊరంతా పలుకుతుంది. ఆ సాయంత్రం మీ ఇంటికి తాళం వేశారు. పెట్టె స్విచ్చి ఎవరైనా తీశారా?

కళ్ళతో చూడకుండా నూటికి నూరుపాళ్ళు చెప్పలేనని ఆయన అన్నారు. ఆ మాట కూడా రాస్తున్నాను. కానీ ఇలాంటి పెట్టెలు రెండు తనే దింపించారట.

నువ్వు కావాలని చేశావని నేననను. సాయంత్రాలు చేపల ధర కనుక్కోవడానికి మాట స్పష్టంగా వినపడాలని కొన్నావు. అంతవరకు తప్పు లేదు. తర్వాతది వేరు. నీ పెట్టె ఊరి ఫోన్ల గొంతు నొక్కింది. గొంతు నొక్కుకుపోయినవాళ్ళకే నువ్వు వంతులు పెట్టావు. ఊరంతటిలో నిజాన్ని గమనించిన ఒక్క మనిషిని పదిమందిలో నవ్వులపాలు చేశావు. దాని ఫోన్ పట్టుకెళ్ళి తాళం వేశావు. కరెంటు పోయాక ఒక్కసారి ఫోన్ ఎత్తి చూడటానికి నీకు ఎంతసేపు పట్టేది? అమ్మ విషయం నా దగ్గర ఎందుకు దాచావో కూడా నాకు అర్థమైంది. బెంగపడతానని కాదు. అడుగుతానని.

నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను. బందరు డెస్కుకి నాలుగు లైన్ల సవరణ పంపాను. వెయ్యకపోతే మళ్ళీ పంపుతాను. నీ గోడ మీది ముక్క చింపెయ్యి.

నన్ను నమ్మక్కర్లేదు. ఇంజనీరు గారినీ నమ్మక్కర్లేదు. ఒక సాయంత్రం ఆ పెట్టె ప్లగ్గు పీకి, పది ఇళ్ళవాళ్ళని ఒకేసారి ఫోన్లు చెయ్యమను. పెద్దలు నలుగురూ కూర్చుని చూడండి. పలికితే, అక్కని చూసి ఎక్కడ నవ్వారో అక్కడే, అందరి ముందూ, నువ్వే చెప్పాలి. పలకకపోతే నాకు రాయి. ఈ ఉత్తరంలో నీ మీద రాసిన ప్రతి మాటా వెనక్కి తీసుకుంటాను.

అమ్మ చేత మందులు వేళకి వేయించమని అక్కకి చెప్పు. ఉప్పు తగ్గించాలి, ఎండుచేప పెట్టొద్దు. నాకు మాత్రం బందరు బస్సులో కాసిని ఎండు రొయ్యలు పంపు, ఇక్కడ దొరకవు. చలికి నేను బాగానే తట్టుకుంటున్నాను. మళ్ళీ చెబుతున్నాను, నా గురించి బెంగ వద్దు.

అమ్మ పాదాలకి నా దణ్ణాలు. బావని, పెద్దలందర్నీ అడిగానని చెప్పు. వదిన ఆశీస్సులు, నీ ఆశీస్సులు కోరుతున్నాను. కోపంలో ఉన్నా అది కోరడం మానలేదు.

గురువారం సాయంత్రం ఏడింటికి అక్క నంబరుకి చేస్తాను. ఆ ఫోన్ మీ బీరువాలో కాదు, అమ్మ మంచం పక్కన బల్ల మీద ఉండాలి. నువ్వక్కడ ఉన్నా ఎత్తొద్దు. అమ్మ లేచి కూర్చుని, చెయ్యి చాపి, తనే ఎత్తేదాకా మోగనిస్తాను.

నీ చెల్లెలు,
పార్వతి