విస్కీ గ్లాసులో పూర్వీకుడు

శుక్రవారం రాత్రి, అమ్వాజ్ (గల్ఫ్)

నేను పనిచేసే ఇంటి సార్ మీద మిగిలిన కాస్త గౌరవం కూడా ఈరోజుతో పోయింది. మంచుదేశంలో ఇన్యూయిట్‌లు తమ పూర్వీకుల గుర్తుగా వాల్రస్ అనే సముద్రజంతువు దంతంతో చెక్కుకున్న పాత బొమ్మని ఆయన వేలంలో కొన్నాడు. ఇవాళ విందులో దానితోనే విస్కీ కలిపి, "ముసలాడికీ ఓ గుక్క!" అని ఇకిలించాడు. అతిథులు చప్పట్లు కొట్టారు.

ట్రే పక్కనపెట్టి, బొమ్మని గ్లాసులోంచి తీసి తుడిచాను.

"నిన్నెవరు ముట్టుకోమన్నారే?" అని అరిచాడు.

"ఎవరి పెద్దలైనా పెద్దలేనండి. ఎంగిలి చెయ్యకండి."

ట్రే తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తరవాత అమ్మగారు వంటింట్లోకొచ్చి, "రేపు సారీ చెప్పెయ్, లేదంటే ఊరికి పంపించేస్తారు" అన్నారు. వీసా ఆయన చేతిలో ఉంది. భయంగానే ఉంది. అయినా ఆ ఇకిలింపు ముఖానికి సారీ చెప్పాలంటే నాకు నోరు రాదు.