పైకొచ్చినట్టు రాసిన పేరు

మంగళవారం.

నడుం నొప్పికి ఆరేళ్లుగా మాత్రలు మింగుతున్నాను. అందుకే నన్ను బొగ్గు బాయిలోకి దింపకుండా, దీపాలు ఇచ్చి పుచ్చుకునే ల్యాంప్ రూమ్‌లో కూర్చోబెట్టారు.

ఇవాళ షిఫ్టు అయ్యాక అందరూ పైకొచ్చారని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను. అరగంటకు బాయిలో పనిచేసే కొమురయ్య తన దీపం తెచ్చి, రిజిస్టరులో తన పేరు చూశాడు.

"లోపల్నే ఉంటి గద అన్నా, గిట్లెట్ల రాసినవ్?" అన్నాడు.

వాడి దీపం తగిలించే కొక్కెం ఖాళీగా ఉండటం సంతకం పెట్టేముందే చూశాను. అంటే వాడింకా లోపలే ఉన్నాడని నాకు తట్టలేదు.

"దిద్దుకో అన్నా, ఎవ్వలకు చెప్ప" అని వాడే అన్నాడు. దిద్దాను.

"మాత్రలతోటి మతి మందమైతంది, డాక్టరుకు చెప్పు" అని నా భార్య లక్ష్మి ఎప్పటినుంచో పోరుతోంది. చెబితే ఈ డ్యూటీ కూడా పోతుందని దాచాను. ఇవాళ ఆమెకు అంతా చెప్పాను. రేపు తనూ దవాఖానకు వస్తానంది.

లోపల పైకప్పు కూలి ఉంటే, నా సంతకం చూసి కొమురయ్య కోసం ఎవరూ దిగేవారు కాదు.