తాతయ్య ఎత్తు బల్ల

ఏమండీ,

ఇక్కడ అందరం కులాసా. మనవడు కారు వీధిలో పెట్టి, షెడ్డులో వడ్రంగి పని మొదలుపెట్టాడు. పనిముట్లన్నీ గోడకు తగిలించి, ఏది ఎక్కడుండాలో తెలిసేలా ఒక్కోదాని చుట్టూ గీత గీశాడు. పని బల్ల మాత్రం మరీ పొట్టి.

"వంగి వంగి నీ నడుం విరుగుతుందిరా!" అన్నాను.

"అది తాతయ్య ఎత్తు బామ్మా. ఆయన వంగకుండా చెక్కను చిత్రిక పట్టాలిగా!"

కొలత కోసం మీ బూడిదరంగు ప్యాంటు ఎత్తుకొచ్చాడట. ఇక చాకలిని తిట్టకండి. నడుంనొప్పని చిత్రికను అటకెక్కించి మూతి ముడుచుకుని కూర్చున్నారు. ఇప్పుడా సాకు చెల్లదు. ఆ చిత్రికను పార్సెల్ చేయకుండా మీరే తీసుకురండి. మందులు వేసుకుంటున్నారా? పక్కింటివాళ్లను అడిగానని చెప్పండి.

మీ ప్యాంటు రంపం పక్కనే వేలాడుతోంది. దాని చుట్టూ కూడా గీత గీశాడు.

మీ ఇంటావిడ